ఐదో లైను

విల్లో బెంచ్, ఐడహో
అక్టోబరు 29

మార్వాకు,

శనివారం పొద్దున మీ అక్క ఆరున్నరకు లేచింది. గడ్డి మీద పలచగా మంచు పట్టి ఉంది. ఓట్సు జావ సగం గిన్నె తాగి సగం వదిలేసింది. చల్లారిపోయిందంది. ఏడున్నరకు రబ్బరు బూట్లు తొడుక్కుని ఎదురింటి ఆర్వల్ వాళ్ళింటికి వెళ్ళింది.

కాలువ కంపెనీ ఆ బుధవారమే కాలువ నీళ్ళు కట్టేసింది. నేల గడ్డకట్టి పైపులు పగిలేలోపు మా వీధి ఆరిళ్ళ స్ప్రింక్లర్ పైపుల్లో నిలిచిన నీళ్ళు గాలి కొట్టి వెళ్ళగొట్టాలి. వీధి మొత్తానికీ కంప్రెసర్ ఒకటే, ఆర్వల్ షెడ్డులో ఉంటుంది. దాని మీద చెయ్యి వేసేది మీ అక్క నెడ్రా ఒక్కతే. శుక్రవారం మూడిళ్ళు ముగించింది. శనివారం ఇంకో రెండు ముగించి, పది గంటలకి కంప్రెసర్‌ని మా వాకిట్లోకి లాక్కొచ్చింది. మా ఇల్లెప్పుడూ చివరిది.

నేను గరాజులో పైపు లైన్లు మార్చే టైమరు దగ్గర నిలబడ్డాను. ఆమె పెరట్లో ఉంది. మా పద్ధతి నువ్వు చూశావు. నేను ఒక లైను తెరుస్తాను. నీళ్ళన్నీ ఎగిరిపోయి తుంపర కూడా ఆగాక, ఆమె గోడవారన ఉన్న వాననీటి గొట్టం మీద స్పానరుతో ఒక దెబ్బ కొడుతుంది. కంప్రెసర్ రొదలో గొంతు వినపడదు కనుక అది మా గుర్తు. దెబ్బ వినగానే నేను తర్వాతి లైనుకి తిప్పుతాను. మొత్తం ఏడు లైన్లు.

పదీ పావుకి మొదలుపెట్టాం. నాలుగు లైన్లు అయ్యాయి. ఐదో లైను నడుస్తుండగా రాస్ప్‌బెర్రీ పొదల చివర పడిపోయింది. నేను వెళ్ళి చూశాను. పదకొండూ పన్నెండుకి అంబులెన్సుకి ఫోన్ చేశాను. ఆరు నిమిషాల్లో వచ్చారు. ఆస్పత్రిలో గుండె అన్నారు. కాగితం మీద పన్నెండూ ఐదు అని రాశారు.

ఖననం రోజున నువ్వడిగావు, చెప్పలేకపోయాను. విమానం దగ్గర మళ్ళీ అడిగావు. అందుకని రాశాను.

చర్చి ఆడవాళ్ళు తెచ్చిన చీజ్ బంగాళాదుంపల పళ్ళేలు ఫ్రిజ్‌లో ఇంకా నాలుగున్నాయి. అడుగున ఎవరి పేరు వాళ్ళు రాసి అంటించారు. రోజుకొకటి కడిగి తిరిగి ఇచ్చి వస్తున్నాను.

థేన్


మేసా, అరిజోనా
నవంబరు 6

థేన్ బావకు,

ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. చదవడానికి ఎంతసేపు పడుతుందిలే! నీ ఉత్తరం అంటే నువ్వు కొలిచిన పొలం పటంలాగే ఉంటుంది. గీతలన్నీ సరిగ్గా ఉంటాయి, మనుషులే ఉండరు. అక్క నిన్ను మొదటిసారి ఇంటికి తెచ్చినరోజు నువ్వు వెళ్ళాక నాన్న ఏమన్నాడో తెలుసా? "కుర్రాడు బానే ఉన్నాడు గానీ, మాటలు అప్పు తెచ్చుకున్నాడా ఏంటే, అంత పొదుపుగా వాడుతున్నాడు?" అన్నాడు. అక్క వారం రోజులు నాన్నతో మాట్లాడలేదు.

కోపం తెచ్చుకోకు. ఏడవడం చాలించి ఎవరినో ఒకరిని ఆట పట్టించాలి నేను. ఇంకెవరున్నారు?

ఫోన్ చేద్దామనుకుని మానుకున్నాను. నువ్వు "ఊఁ" అంటావు, నేను "ఇంకేంటి" అంటాను, నువ్వు "ఏముంది" అంటావు. కాగితం మీద అయితే కనీసం వాక్యం చివరిదాకా వెళ్తావు. కాబట్టి ఉత్తరాలే రాసుకుందాం.

ఇక్కడ ఇంకా పంకాలు తిరుగుతూనే ఉన్నాయి. పక్కింట్లోకి కొత్తగా దిగినావిడ మిషిగన్ నుంచి వచ్చింది. "మీరు పైపులకి గాలి ఎప్పుడు కొడతారు?" అని అడిగింది నన్ను. "ఇక్కడ పైపులు గడ్డకట్టవమ్మా, మనుషులే ఎండిపోతారు" అన్నాను. ఆ మాట అక్కకి చెప్పాలని ఫోన్ తీసి నంబరు నొక్కసాగాను. ఏడో అంకె దగ్గర గుర్తొచ్చింది.

సరేగానీ, మిగతా లైన్లకి గాలి ఎవరు కొట్టారు? అక్క ఇప్పుడు కళ్ళు తెరిస్తే ముందు అడిగేది అదే. నేను ఎలా ఉన్నానని కూడా అడగదు.

మార్వా


విల్లో బెంచ్
నవంబరు 15

మార్వాకు,

మిగతా లైన్లు ఎవరూ కొట్టలేదు. ఆరూ ఏడూ అలాగే ఉన్నాయి.

ఆర్వల్ మూడుసార్లు వచ్చాడు. కంప్రెసర్ ఇంకా మా వాకిట్లోనే ఉంది. తన షెడ్డులో ఉండాల్సినదాన్ని అడగడానికి అతనికి మొహమాటం.

"పది నిమిషాల పనయ్యా థేన్. నువ్వు లోపల కూర్చో, నేను కొట్టేస్తా," అన్నాడు మొదటిసారి.

"నువ్వు కొడితే స్ప్రింక్లర్ తలలు ఎగిరి చర్చి కప్పు మీద పడతాయి," అన్నాను.

"అది జరిగి ఇరవై రెండేళ్ళయింది! ఈ వీధిలో పాపాలు క్షమిస్తారు గానీ ఒక్కటీ మరిచిపోరు."

రెండోసారి మొగుడితో పాటు లరూ కూడా వచ్చింది. "ఈయన్ని నేనే తోలుకొచ్చా అన్నయ్యా. గాలి ముల్లు యాభై దాటనివ్వను. దాటితే ఈయన చెయ్యి విరిచేస్తా, నెడ్రా అక్క అయితే అదే చేసేది," అంది.

"నెడ్రా విరవదు. చూస్తుంది, అంతే. ఆ చూపుకే చెయ్యి దానంతటదే విరుగుతుంది," అన్నాడు ఆర్వల్.

ముగ్గురం నవ్వాం. తర్వాత ఎవరికీ ఎక్కడ చూడాలో తెలియలేదు. ఇప్పుడు కాదు, వచ్చేవారం చూద్దామన్నాను. లరూ నా మొహం చూసి, ఆర్వల్ చొక్కా పట్టుకుని లాక్కుపోయింది.

మూడోసారి ఆర్వల్ ఒక్కడే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. రేడియోలో చలి ఎక్కువవుతుందని చెప్పారన్నాడు. విన్నానన్నాను. వెళ్ళిపోయాడు.

ఇంకా రెండు వారాల టైముంది. చేస్తాను.

పళ్ళేలన్నీ తిరిగి ఇచ్చేశాను. ఒకదాని అడుగున పేరు లేదు. అది మాదేనని కడిగాక తెలిసింది.

థేన్


మేసా
నవంబరు 23

థేన్ బావకు,

ఒకటి అడుగుతాను. నిజం చెప్పు.

బడి వంటశాలలో ఇరవయ్యేళ్ళు గడియారం చూస్తూ బతికినదాన్ని. నాలుగొందల మంది పిల్లలకి పదకొండున్నరకి వడ్డించాలంటే ప్రతి నిమిషం ఎటు పోయిందో తెలియాలి. ఆ జబ్బు ఇంకా వదల్లేదు. నీ మొదటి ఉత్తరం ముందు పెట్టుకుని లెక్క వేశాను.

పదీ పావుకి మొదలుపెట్టామన్నావు. లైనుకి ఐదారు నిమిషాలు. అంతకంటే పట్టదు, నేనూ ఆ ఊళ్ళో పుట్టినదాన్నే. నాలుగు లైన్లకి ఇరవై ఐదు నిమిషాలు వేసుకో. పదీ నలభైకి ఐదో లైను మొదలై ఉంటుంది. నువ్వు ఫోన్ చేసింది పదకొండూ పన్నెండుకి.

మధ్యలో అరగంట ఏమైంది బావా?

నువ్వు ఆమె పక్కనే ఉన్నావా? ఏమన్నా అందా? నీళ్ళడిగిందా? నా పేరు తలిచిందా? నువ్వు చేతుల్లోకి తీసుకుని కూర్చుండిపోయి, ఫోన్ చేయడం తోచక టైము పోయిందా? అదైతే చెప్పు. నేనేమీ అనను. అమ్మ పోయినప్పుడు నేనూ అలాగే కూర్చున్నాను.

ఇంకేదైనా అయితే అదీ చెప్పు. రాత్రిళ్ళు నాకు ఆ అరగంటే కనిపిస్తోంది. అందులో మా అక్క ఒక్కతీ ఉందా, లేదా? ఇంతే నాకు కావలసింది.

మార్వా


విల్లో బెంచ్
డిసెంబరు 4

మార్వాకు,

ఆమె ఒక్కతీ లేదు.

ఐదో లైను మొదలుపెట్టగానే కంప్రెసర్ గొట్టం బిగింపు ఊడింది. ఇద్దరం కలిసి మళ్ళీ బిగించాం. దానికి అరగంట పట్టింది. తర్వాత ఆమె పెరట్లోకి వెళ్ళింది, పడిపోయింది. నేను చూశాను. వెంటనే ఫోన్ చేశాను. ఏమీ అనలేదు. నొప్పి కూడా ఎక్కువసేపు లేదన్నారు.

నవంబరు ముప్పైన నేల గడ్డకట్టింది. పార దిగడం లేదు. ఆరూ ఏడూ లైన్లలో నీళ్ళు ఉండిపోయాయి. పైపు పగిలితే చప్పుడు రాదు. వసంతం వచ్చేదాకా తెలియదు.

ఆర్వల్ వచ్చి కంప్రెసర్ తీసుకెళ్ళాడు.

థేన్


మేసా
డిసెంబరు 19

బావా,

నీ ఉత్తరం వచ్చాక నిద్రపోయాను. రెండు నెలల్లో మొదటిసారి. ఒక్కతీ లేదు అన్న ఒక్క మాట చాలు నాకు. నిన్ను పోలీసువాళ్ళలాగా నిమిషాలు అడిగినందుకు క్షమించు. నోరు ఒకటి, లెక్క ఒకటి, రెండూ నాకు అమ్మ దగ్గర్నుంచి వచ్చిన ఆస్తి.

మా చెట్టు నారింజలు ఒక పెట్టెడు పంపుతున్నాను. పైవరసలోవి ముందు తిను. అన్నీ తినేసి కడుపునొప్పి అని రాయకు, ఆర్వల్ వాళ్ళకి కూడా ఇవ్వు.

పైపులు పగిలితే పగిలాయిలే. మళ్ళీ వేయొచ్చు. అక్క ఈ మాట వింటే నన్ను గుమ్మంలోకి రానివ్వదు!

దానికి నీళ్ళ పిచ్చి ఎప్పుడు పట్టుకుందో నీకు చెప్పిందా? చెప్పి ఉండదు. పదకొండేళ్ళప్పుడు. మా వంతు నీళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చేవి. ఒకరోజు నాన్నకి జ్వరం. "నేను తిప్పుతా, నాకు తెలుసు" అని దీపం పట్టుకుని వెళ్ళింది. నేను వెనకాల చలికి ఏడుస్తూ. తిప్పాల్సిన కాలువ తలుపు వదిలేసి పక్కది తిప్పింది. తెల్లారేసరికి మా పొలం పొడిగా ఉంది, బిషప్పుగారి కోళ్ళ గూడు చెరువైంది. కోళ్ళన్నీ దూలం మీదెక్కి కూర్చుని చర్చి పాటలు పాడే ఆడవాళ్ళలాగా వరసగా అరుస్తున్నాయి. బిషప్పుగారు రాత్రి చొక్కాలోనే పరిగెత్తుకొచ్చాడు. అక్క ఆయన్ని చూసి, "మీరేమీ కంగారుపడకండి, ఇంకో గంటలో నీళ్ళు దిగిపోతాయి" అంది. ఆయనకే ధైర్యం చెప్పింది!

ఆ తర్వాత ఎన్నడూ నీళ్ళ దగ్గర పొరపాటు చేయలేదు. చేయనివ్వలేదు కూడా.

బావా, ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. చెప్పుకోవడానికి నాకు నువ్వు ఒక్కడివే మిగిలావు. నీకూ నేనొక్కదాన్నే. పిల్లలున్నా బావుండేది, లేరు. అందుకని ఆ ఉత్తరాలు మానకు. పొలం పటం పంపినా సరే, పంపు.

మార్వా


విల్లో బెంచ్
ఫిబ్రవరి 8

మార్వాకు,

జనవరి అంతా రాయలేదు. నారింజలు అందాయి. ఆర్వల్ వాళ్ళకి సగం ఇచ్చాను.

గొట్టం బిగింపు ఊడలేదు. అది అబద్ధం. ఆ అరగంట ఆమె ఒక్కతీ ఉంది.

జరిగింది రాస్తున్నాను.

నాకు ఓపిక లేదని నీకు తెలుసు. ప్రతి ఏడూ ఆమె కొట్టకముందే నేను తర్వాతి లైనుకి తిప్పేసేవాణ్ణి. పైపులో కొంచెం నీళ్ళు మిగిలిపోయేవి. చలికి గడ్డకట్టి ఏదో ఒక తల పగిలేది. పల్లంలో ఉంది కనుక ఎక్కువగా ఐదో లైను చివరిదే. వసంతంలో ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మార్చేది. ముప్పయ్యేళ్ళుగా ఇదే గొణుగుడు.

ఆ శనివారం గరాజులోకి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "థేన్, ఈసారి నేను కొట్టేదాకా దానిమీద చెయ్యి వేయకు. గంటైనా సరే," అంది. అని తనలో తను నవ్వుకుంది. నేను నవ్వలేదు. నా మొహం మాడింది. "సరే" అన్నాను.

పదీ నలభై ఒకటికి ఐదో లైను తెరిచాను. ఐదు నిమిషాలకి దెబ్బ రాలేదు. పదికి రాలేదు. నన్ను పరీక్షిస్తోందనుకున్నాను. బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను. పావుగంటకి అనుమానం వచ్చింది. లేచి తలుపుదాకా వెళ్ళాను. వెళ్తే, "చూశావా, ఆగలేకపోయావు" అంటుంది. తిరిగి వచ్చి కూర్చున్నాను.

ఇది కూడా రాయాలి. అప్పుడు నాకు సంతోషంగా ఉంది. ముప్పయ్యెనిమిదేళ్ళలో ఒక్కసారి ఆమె అడిగినట్టే చేస్తున్నాననుకున్నాను. మధ్యాహ్నం భోజనం దగ్గర ఏమంటుందో చూడాలనుకున్నాను.

పదకొండూ పదికి వెళ్ళాను. ఒక పక్కకి తిరిగి పడి ఉంది. స్పానరు చేతిలోనే ఉంది. పక్కనున్న స్ప్రింక్లర్ తల పొడిగాలిని ఊదుతూ ఉంది. లేపబోతూ దాని మీద చెయ్యి ఆనించాను. కాలింది. నీళ్ళు లేకుండా అంతసేపు గాలి పోతే లోపలి పళ్ళ చక్రాలు వేడెక్కుతాయి. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

ముందు వెళ్ళి ఉంటే బతికేదా అని డాక్టరుని అడిగాను. చెప్పలేమన్నాడు. మంచి మనిషి, అందుకని అలా అన్నాడు.

మిగతా లైన్లు ఎందుకు కొట్టనివ్వలేదో ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది. టైమరు ముల్లు ఐదు మీదే ఉంది. దెబ్బ వినకుండా ఆరుకి తిప్పడం నా వల్ల కాలేదు.

నిజం చెబితే నిన్ను కూడా పోగొట్టుకుంటానని అబద్ధం రాశాను. నువ్వు నిద్రపోయానని రాశాక నాకు నిద్ర లేదు.

థేన్


మేసా
మార్చి 14

థేన్ బావకు,

నెల దాటింది. నీ మీద కోపంతో రాయలేదనుకుని ఉంటావు. అనుకో, పరవాలేదు. నిజంగా కోపమే అయితే నాకు సుఖంగా ఉండేది.

శుక్రవారం రాత్రి అక్క నాకు ఫోన్ చేసింది. అంటే తను పోవడానికి ముందురోజు. ఆ సంగతి నీకు తెలియదు, నువ్వు అప్పటికి నిద్రపోయావట.

"చేతులు పడిపోయాయే. ఇవాళ మూడిళ్ళు. రేపు ఇంకో మూడు," అంది.

"ఎవరినైనా పెట్టుకోవచ్చు కదక్కా. ఈ వయసులో నీకెందుకు?"

"పెట్టుకుంటే ముల్లు ఎనభైకి తిప్పుతారు. అది కాదు నా బాధ. మా ఇంటాయన. నేను కొట్టకముందే తిప్పేస్తాడు. ఏడాదికో తల నా చేత మార్పిస్తాడు. ఈసారి నా మోకాళ్ళు ఒప్పుకోవు."

"అయితే ఒకసారి గట్టిగా చెప్పక్కా. ఇన్నేళ్ళుగా గొణుగుతావు గానీ మొహం మీద అన్నది లేదు. 'నేను కొట్టేదాకా చెయ్యి వేయకు, గంటైనా సరే' అను."

"అబ్బా, మొహం మాడ్చుకుంటాడే."

"మాడనీ! మంట పెట్టకుండా మాడే వంట అదొక్కటే."

అక్క పడీ పడీ నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "గంటైనా సరే... బావుంది. అలాగే అంటా," అంది.

నీ ఉత్తరంలో ఆ మాట చదివాను బావా. ఒక్క అక్షరం పోకుండా నాదే. తనలో తను నవ్వుకుందని రాశావు చూడు, అది నన్ను తలుచుకుని.

నవంబరులో ఆ అరగంట ఏమైందని నిన్ను నిలదీశాను. ఆ అరగంట నేనే పెట్టి పంపాను. తొమ్మిది వందల మైళ్ళ అవతల కూర్చుని, వేళాకోళానికి.

దగ్గు గురించి కూడా అడగలేదు. "ఆ దగ్గేంటి" అంటే సరిపోయేది. పక్కింట్లోకి మిషిగన్ ఆవిడ దిగిందని చెప్పాలన్న ధ్యాసలో ఉన్నాను. చివరికి అదీ చెప్పకుండానే పెట్టేశాను, రేపు చెబుదాములే అని.

మే నెలలో సమాధి రాయి నిలబెట్టేటప్పుడు రమ్మని లరూ కార్డు రాసింది. రాలేను. నిన్ను చూస్తే ఆ మాట నా చెవిలో వినిపిస్తుంది. నన్ను చూస్తే నీకూ అంతే. ఇద్దరం ఆ రాయికి చెరో పక్క నిలబడి ఏం చేస్తాం?

ఇక రాయకు బావా. నేనూ రాయను. ఆరోగ్యం చూసుకో.

మార్వా


విల్లో బెంచ్
ఏప్రిల్ 7

మార్వాకు,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. దీన్ని పోస్టులో వేయను.

ఆ మాట నీదని తెలిశాక మూడు రోజులు నీ మీద కోపం వచ్చింది. దాచను. వాకిట్లో మంచు తోస్తూ నిన్ను పైకే తిట్టాను. లరూ కిటికీలోంచి చూసింది. అక్టోబరు నుంచి నా మీద తప్ప ఎవరి మీదా కోపం రాలేదు, అందుకని హాయిగా ఉంది. నాలుగోరోజు ఆ హాయి చూసి సిగ్గేసింది.

ముప్పయ్యేళ్ళు పొలాల సరిహద్దులు కొలిచాను. నీ తప్పు ఎక్కడ ఆగిందో, నాది ఎక్కడ మొదలైందో ఎంత కొలిచినా రాయి పాతే చోటు దొరకలేదు. నువ్వు ఆమెను నవ్వించావు. నేను ఆమె మాట విన్నాను. రెండూ తప్పులు కావు. ఆమె లేదు.

ఐదు నెలలు ఆ నవ్వు నన్ను చూసి నవ్విందనుకున్నాను. కాదని నువ్వు రాశావు. చివరిరోజు పొద్దున ఆమె చెల్లెల్ని తలుచుకుని నవ్వుకుంది. అది నాకు నీ ఉత్తరం వల్లే తెలిసింది. ఇంకెవరూ చెప్పగలిగేవాళ్ళు కాదు.

మార్చి ఆఖరుకి నేల కరిగింది. ఆర్వల్, నేను తవ్వి చూశాం. ఆరో లైను రెండుచోట్ల పగిలింది. ఏడోది మొదట్లోనే చీలిపోయింది. ఐదో లైను చెక్కుచెదరలేదు. చివరి తల ఒక్కటే కాలింది. పైపు లోపల వేలు పెట్టి చూస్తే దుమ్ము అంటింది. "వీధి మొత్తంలో ఇంత పొడిగా ఆరిన పైపు ఇంకోటి లేదయ్యా," అన్నాడు ఆర్వల్. తర్వాత తనన్నదేమిటో తెలిసి పార కింద పెట్టి, టోపీ తీసి, కంచె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. అతనికి మొత్తం చెప్పాను. నీకు తప్ప చెప్పింది అతనికే. "ఆమె ఆగమంటే ఈ వీధిలో ఎవడైనా ఆగేవాడే," అన్నాడు.

పదిహేనో తారీఖున కాలువ వదులుతారు. పగిలిన పైపులతో నేను నీళ్ళు తీసుకుంటే వీధిలో ఎవరికీ అందవు. అందుకని నా వాల్వు మూసి ఉంచమని ఆర్వల్‌కి చెప్పాను. ఇంటి తాళం లరూకి ఇచ్చాను. "ఎన్నాళ్ళు అన్నయ్యా?" అంది. తెలియదన్నాను. "కోటు తీసుకెళ్ళకు, అక్కడ ఎండలు," అంది. రొట్టె, సీసాలో పట్టిన పీచ్ పళ్ళు సంచిలో పెట్టింది. ఆ పళ్ళు మీ అక్క పట్టినవి. లరూ దగ్గర రెండు సీసాలు మిగిలాయట. ఒకటి నీకు.

నాకు మాట్లాడటం చేతకాదు. నీ గుమ్మం ముందు నోరు పెగలకపోవచ్చు. అందుకని ఇది రాసి జేబులో పెట్టుకుంటున్నాను. పెగలకపోతే ఇది చేతికిస్తాను. చదువుకో. తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టు, ఏడవాలనిపిస్తే ఏడువు, నేను కూర్చుంటాను. పంపించేయాలనిపిస్తే మాత్రం ముందు కాస్త నీళ్ళివ్వు. నేను వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది.

నాకు తెలియనప్పటి నెడ్రా ఇరవై నాలుగేళ్ళు నీ దగ్గర ఉంది. తర్వాతి ముప్పయ్యెనిమిదేళ్ళు నా దగ్గర ఉన్నాయి. వాటికి ఉత్తరాలు చాలవు.

రమ్మని నువ్వు పిలవలేదు. పిలుస్తావేమోనని కూర్చోను. బండిలో పెట్రోలు పోయించాను, టైర్లు చూపించాను. దారిలో ఒక రాత్రి ఆగుతాను. రేపు పొద్దున ఐదింటికి బయల్దేరతాను.

థేన్